రాళ్ళచేను దుక్కి

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, ప్రభుత్వ కాగితాల్లో తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఊరంతా దుక్కిమామ అంటారు. పాతికేళ్ళవాళ్ళకూ ఆయన మామే, ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దవాళ్ళకూ మామే. ఇంట్లో భార్య ఒక్కతే "ఏమయ్యా" అంటుంది, అదీ కోపం లేనప్పుడు. కోపం వచ్చినప్పుడు ఏమంటుందో ఇక్కడ రాయడం బాగుండదు.

అరవై రెండేళ్ళ మనిషి. అందులో నలభై ఏళ్ళు ట్రాక్టరు సీటు మీదే గడిచాయి. ముందుకు పోతూ వెనక నాగలి ఎలా పడుతోందో చూసుకోవాలి కాబట్టి, ఆయన మెడ ఎప్పుడూ కుడిభుజం మీదుగా కాస్త వెనక్కి తిరిగి ఉంటుంది. ఇంట్లో భోంచేస్తున్నా మధ్యలో ఒకసారి అలవాటుగా వెనక్కి చూస్తాడు. "అక్కడేముంది, గోడ. అది ఎక్కడికీ పోదు, తిను" అంటుంది భార్య. దుక్కి దున్నడంలో మాత్రం ఆయన్ని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. ఆయన తోలిన సాలు పక్కన నిలబడి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క వంకర కనిపించదు. సొంత పొలం రెండెకరాలు. మిగతాదంతా సొంత ట్రాక్టరుతో పరుల చేలల్లో పని. ఊళ్ళో కడుపునిండా పంట తిన్న ప్రతివాడి చేనూ ఏదో ఒక ఏడు ఆయన దున్నిందే.

ఆ పని ఆయనకు నేర్పినవాడు రాళ్ళచేను ఆసామి. దుక్కిమామకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఎవరో కాంట్రాక్టరు ట్రాక్టరు మీద కూలికి వచ్చాడు. చక్రాలు నేలను తొక్కేస్తాయని ఊళ్ళో ఒక్కరూ ఆ ట్రాక్టరును చేలో దిగనివ్వలేదు. ఊరి చివర ఆరెకరాల రాళ్ళనేల ఉన్న ఆ ఆసామి ఒక్కడే, నా చేలో చెడిపోవడానికి కొత్తగా ఏముంది గనక, దింపు అన్నాడు. దింపిన గంటకే కర్రు రాయికి తగిలి విరిగింది. కుర్రవాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆసామి తిట్టలేదు. చెప్పులు విప్పించి, చేనంతా వట్టి కాళ్ళతో నడిపించాడు. ఎక్కడ నేల మెత్తగా ఉంది, ఎక్కడ పైకి మెత్తగా ఉండి కింద మోసం చేస్తుంది, అన్నీ అరికాలికి నేర్పించాడు.

ఆ తర్వాత మూడు వేసవులు ఇద్దరూ కలిసి ఆ చేలో రాళ్ళు ఏరారు. కదిలిన రాళ్ళన్నీ గట్టు మీదకు చేరాయి. కదలనివి పదకొండు మిగిలాయి. నేలలోపలే ఉండిపోయాయి, పైకి కనపడవు. అన్నిటికంటే పెద్దదానికి ఆసామి అత్తగారు అని పేరు పెట్టాడు, ఎంత బతిమాలినా కదలదని. అత్తగారు ఎక్కడుందో, దాని పక్కన మిగతావి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే. అప్పటి నుంచి ఆసామి ఈయనకు అన్న, ఆసామి భార్య వదిన. రక్తసంబంధం రవ్వంత లేదు. ఉన్నవాళ్ళకంటే ఎక్కువగా ఉండేవాళ్ళు.

నాలుగైదేళ్ళ కిందట ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. పలచబడిపోయిన నేలల్ని ఐదేళ్ళపాటు దున్నకుండా వదిలేస్తే, ఎకరానికి ఇంతని ఏటేటా డబ్బిస్తారు. గడ్డి మొలిచి నేల మళ్ళీ గట్టిపడుతుందట. జనం దానికి బీడు డబ్బు అని పేరు పెట్టారు. ఆ కబురు వచ్చిన రోజు టీకొట్టు దగ్గర రాళ్ళచేను ఆసామి అందరినీ నవ్వించాడు. దున్నకుండా కూర్చుంటే డబ్బిస్తారట, ఇక పొద్దున్నే లేవకుండా పడుకుంటే పింఛను కూడా ఇస్తారు కాబోలు అన్నాడు. దుక్కిమామ అందరికంటే పెద్దగా నవ్వాడు. పాపం, ఆ నవ్వే తర్వాత ఆయన కొంప ముంచింది.

ఆ ఏడాదే ఆసామికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వానలు పడ్డాయి, ఊరంతా దుక్కులైపోయాయి, రాళ్ళచేను అలాగే ఉండిపోయింది. నేలకు కాస్త విశ్రాంతి ఇద్దామనుకున్నానన్నాడు. రెండో ఏడు విత్తనం మంచిది దొరకలేదన్నాడు. మూడో ఏడు ఏమీ చెప్పలేదు. దుక్కిమామ ప్రతి ఏడూ, అన్నా నేను దున్ని పెడతాను, డీజిలు కూడా నాదే అని అడిగేవాడు. అడిగినప్పుడల్లా ఆసామి ఒంటికాలి మీద లేచేవాడు. కిందటేడు టీకొట్టు దగ్గర పదిమందిలో, నా చేలో నీ ట్రాక్టరు దిగిందంటే నీకూ నాకూ మాటల్లేవన్నాడు. దుక్కిమామకు తల కొట్టేసినట్టయింది. జబ్బుమనిషి, చేతకానితనం చూపించుకోలేక అలా అంటున్నాడని సరిపెట్టుకున్నాడు. మర్నాడు మామూలుగా మందులు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. ఆసామి కూడా మామూలుగానే కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. చేను ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఈ ఏడు ఎండలు ముదిరినప్పుడు ఆసామి పోయాడు. శ్మశానానికి మోసిన నలుగురిలో దుక్కిమామ ముందు కుడివైపు ఉన్నాడు. దారి పొడుగునా భుజం మార్చుకోమని వెనకవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఆయన మార్చుకోలేదు.

ఆ చుట్టుపక్కల ట్రాక్టరువాళ్ళలో ఒక పద్ధతి ఉంది. రైతు ఎవరైనా పోతే, ఆ తర్వాత పడే మొదటి వానకు అతని చేను ఎవరో ఒకరు దున్నేస్తారు. ఇంటివాళ్ళను అడగరు. అడిగితే వాళ్ళు మొహమాటానికి వద్దంటారు, అదును దాటిపోతుంది. తెల్లవారకముందే మొదలుపెట్టి, ఇంట్లోవాళ్ళు పొయ్యి వెలిగించేసరికి ముగించి వెళ్ళిపోవాలి. కూలి మాట ఉండదు, కృతజ్ఞత మాటా ఉండదు. దుక్కిమామ తన జీవితంలో అలాంటి దుక్కులు పద్నాలుగు దున్నాడు. ఈ పదిహేనోది తను తప్ప ఇంకెవరూ దున్నలేరు. వేరేవాళ్ళు దిగితే అత్తగారి చేతిలో కర్రు విరగ్గొట్టుకోవాల్సిందే.

ఆసామి పోయిన పన్నెండో రోజున వాన పడింది. పదమూడో రోజు అర్ధరాత్రి దాటగానే, లైట్లు వేసుకుని ఆయన చేలో దిగాడు. నేల మంచి పదునులో ఉంది. నాలుగేళ్ళ గడ్డి వేళ్ళు పట పట తెగుతుంటే ఆయనకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. అన్న ఉంటే గట్టు మీద నిలబడి, ఒరేయ్ కాస్త లోతు పెంచరా అనేవాడనుకున్నాడు. పెంచాడు. పదకొండు చోట్లా సరిగ్గా లివరు ఎత్తి, సరిగ్గా దించాడు. కర్రుకు ఒక్క రాయి తగల్లేదు. చివరి సాలు అయ్యేసరికి ఆరెకరాలూ నల్లగా నిగనిగలాడుతూ, ఎన్నో ఏళ్ళకు మళ్ళీ చేనులా కనిపించాయి. ఆయన ట్రాక్టరు ఆపి, చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. అన్న పోయాక ఏడుపు రావడం అదే మొదటిసారి.

అలా కూర్చోవడంతో ఆలస్యమైపోయింది. వదిన గట్టు మీద నిలబడి ఉంది. ఆవిడకు చూపు సరిగా ఆనదు. కళ్ళు చిట్లించి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఎంత పని చేశావు మరిదీ" అంది.

మెచ్చుకుంటోందనుకుని ఆయన తల వంచుకున్నాడు. అప్పుడావిడ గట్టు మీద కూలబడింది. చెంగు నోట్లో కుక్కుకుంది. అప్పటికి గాని ఆయనకు ఏదో తేడాగా ఉందని తోచలేదు.

వదిన అంతా చెప్పింది. జబ్బు పడ్డ ఏడాదే ఆసామి బీడు డబ్బుకు సంతకం పెట్టాడు. పెట్టక గత్యంతరం లేకపోయింది. మందులకూ, వాళ్ళ తిండికీ, కారుతున్న ఇంటి కప్పుకూ నాలుగేళ్ళుగా అదే ఆధారం. ఇంకొక్క ఏడాది గడిస్తే ఐదేళ్ళూ పూర్తవుతాయి. ఈలోగా నేలకు నాగలి తగిలితే మొదటి ఏడాది నుంచి తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. అది కట్టే దారి చేను అమ్మడం ఒక్కటే. ఏటేటా చూడ్డానికి వచ్చే ఆఫీసరు ఇంకో పదిహేను రోజుల్లో వస్తుంది.

 దుక్కిమామకు చేను సంగతి ఒక ఎత్తు, ఇంకొక సంగతి ఒక ఎత్తు.

"నాకు కూడా చెప్పలేదా వదినా?"

"నీకే చెప్పొద్దన్నాడు" అంది వదిన. "ఊరంతా నవ్వినా ఫరవాలేదే, వాడు నవ్వితే నేను తట్టుకోలేను అన్నాడు."

ఇంటికి వచ్చి భార్యతో చెప్పాడు. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. అడక్కుండా సాయం చేసే బుద్ధి నిన్నెన్నిసార్లు మానుకోమన్నాను, ఇల్లాలికి గిన్నె అందివ్వమంటే చెవిటి మొహం వేస్తావు, చచ్చినవాళ్ళ చేలకు మాత్రం చీకటితో లేస్తావని చెడామడా తిట్టింది. తిట్టడం అయ్యాక పక్కన కూర్చుని, ఇప్పుడేం చేద్దామంది. దుక్కిని చదును చేసేస్తే, అన్నాడాయన. నాలుగేళ్ళ గడ్డి పదిహేను రోజుల్లో ఎక్కడి నుంచి తెస్తావు, నెత్తి మీద నాటుకొస్తావా అందావిడ. నిజమే. ఏడ్చి మొత్తుకున్నా గడ్డి మొలవదు.

ఆ మర్నాడు ఆయన బస్సెక్కి పట్నంలో రాయితీల ఆఫీసుకు వెళ్ళాడు. పాత మేడ మీద రెండు గదులు. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా వరసలో రైతులు. ప్రతి ఏడూ డీజిలు రాయితీ కాగితం కోసం ఆయన కూడా అదే వరసలో, అదే గోడ పక్కన నిలబడేవాడు. ఆ గోడ మీద జాబితాలు అతికించి ఉంటాయి. బీడు డబ్బు జాబితాలో పేర్లు ఉండవు, చేల నంబర్లే. ఎన్నడూ దాని వంక చూసినవాడు కాదు. ఆ రోజు చూశాడు. రాళ్ళచేను నంబరు ఆయనకు కంఠతా వచ్చు, కొలతలవాళ్ళు వచ్చినప్పుడు గొలుసు ఒక కొస పట్టుకున్నది ఆయనే. పైనుంచి ఏడో వరసలో ఉంది. కాగితం అంచులు పసుపు రంగుకు తిరిగిపోయాయి. నాలుగేళ్ళుగా తన భుజం ఆ నంబరుకు రాసుకుంటూనే పోయిందన్నమాట. ఆయన అక్కడే కాసేపు నిలబడిపోతే, వెనకవాళ్ళు కదలమని తోశారు.

ఏటేటా చేలు చూడ్డానికి వచ్చే ఆఫీసరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఫైళ్ళు చూస్తోంది. దుక్కిమామ ఎదురుగా కూర్చుని, మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడమ్మా అని మొదలుపెట్టాడు. అబద్ధం ఆడటం ఆయనకు బొత్తిగా రాదు. ఒకాయన చేనట, ఇంకొకాయన పొరపాటున దున్నాడట, ఆ ఇంకొకాయన చాలా మంచివాడట. రెండో నిమిషానికే ఆవిడ కలం మూసేసింది.

"పెద్దాయనా, ఆ ఒకాయన ఎవరో, ఇంకొకాయన ఎవరో నాకు చెప్పొద్దు" అంది. "చెబితే నేను రాసుకోవాలి. నిబంధన ఏమిటో అడగండి, చెబుతాను."

నిబంధన ఇది. యజమానికి తెలియకుండా, గిట్టనివాడెవడైనా జొరబడి దున్నితే అది యజమాని తప్పు కాదు. ఇంటివాళ్ళు ఫిర్యాదు పెడతారు, ఆఫీసు విచారిస్తుంది, దున్నినవాణ్ణి ఐదేళ్ళపాటు ప్రభుత్వ రాయితీలన్నిటి నుంచీ తీసేసి, ఊళ్ళో బోర్డు మీద పేరు రాస్తుంది. అదే, ఇంటికి కావలసినవాడు దున్నితే ఇంటివాళ్ళు దున్నించుకున్నట్టే లెక్క. డబ్బంతా వెనక్కి కట్టాలి.

పోయినాయనకు మంచి చేద్దామనే దున్నితే, అని అడిగాడు దుక్కిమామ. ఆఫీసరమ్మ ఒక ఫారం తిప్పి చూపించింది.

"ఆ మాట రాయడానికి ఇందులో చోటు లేదండీ" అంది.

తిరుగు బస్సులో ఆయన మనసు కాస్త తేలికపడింది. తను గిట్టనివాడినని ఒప్పుకుంటే చాలు, ఇంతేనా అనుకున్నాడు. రాయితీ లేకపోతే ఆ డీజిలు ధరకు ట్రాక్టరు తిప్పడం గిట్టుబాటు కాదు, అమ్ముకోవాలి. బోర్డు మీద జొరబాటుదారు అని పేరు పడుతుంది. పడనీ. తప్పు తనది, తను అనుభవిస్తే న్యాయంగానే ఉంటుంది. భార్యకు చెబితే ఆవిడ కాసేపు ఆలోచించి, ట్రాక్టరుకు వయసైపోయింది, నీకూ అయిపోయింది, ఇద్దరూ కలిసి ఇంటిపట్టున ఉండండి అంది. అని అవతలికి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ బండి మీదే వాళ్ళ సంసారం నడిచింది.

ఒప్పుకోనిది వదిన.

నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా ఆవిడ వినలేదు. చేను పోతే పోనీ అంది. ఎక్కడైనా వంటపని చేసుకుని బతుకుతానంది. చూపు ఆనని మనిషికి వంటపని ఎవరిస్తారంటే, అది నా తంటా అంది. ఆయన రెండు రోజులు తిరిగి, మూడో రోజు కాళ్ళు పట్టుకోబోతే కోపం వచ్చేసింది.

"మీ అన్న పోయి నెల తిరగలేదు. నా నోటితో నిన్ను దొంగ అనమంటావా?"

నాలుగో రోజు దుక్కిమామ భార్య వెళ్ళింది. ఆడవాళ్ళిద్దరూ తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఆయనకు పూర్తిగా ఎప్పుడూ తెలియలేదు. వచ్చాక భార్య ఒక్క ముక్కే చెప్పింది. "అక్కా, మీ చేను పోయిందంటే ఈయన ముద్ద ముట్టడు. నన్ను కూడా మీలాగే చేస్తారా అని అడిగాను. ఇక మాట్లాడలేదు." ఆ సాయంత్రమే వదిన ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టింది.

విచారణ ఊరి సహకార సంఘం గదిలో పెట్టారు. ఎరువుల బస్తాలు ఒక మూలకు నెట్టి, తూకం మిషను పక్కన బల్ల వేశారు. గదంతా ఎరువు వాసన. ఆఫీసరమ్మకు జలుబు ఇంకా తగ్గలేదు. బల్లకు ఒక పక్క దుక్కిమామ, ఇంకో పక్క వదిన. మధ్యలో నాలుగడుగుల దూరం. ఆ రోజు ఇద్దరూ వేరువేరుగా, వేరువేరు దారుల్లో వచ్చారు. ఊళ్ళో అలా రావాలని ఎవరూ చెప్పలేదు గాని, అందరికీ తెలుసు.

సాక్ష్యాలకు ఊరంతా వచ్చింది. ఊరివాళ్ళ మంచితనం గురించి చెప్పుకోవాలంటే ఆ రోజే చెప్పుకోవాలి. విత్తనాల కొట్టాయన లేచి, వాళ్ళిద్దరికీ మొదటి నుంచీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేదన్నాడు. టీకొట్టాయన, కిందటేడు నా కొట్టు ముందే పదిమందిలో మాటా మాటా అనుకున్నారు, నీ ట్రాక్టరు దిగితే మాటల్లేవని పోయినాయన తెగేసి చెప్పాడన్నాడు. అది మాత్రం నిజం. మంగలాయన, ఒకరు ఉంటే రెండోవారు గడ్డం కూడా గీయించుకునేవారు కాదన్నాడు. నిజానికి వాళ్ళిద్దరూ నలభై ఏళ్ళుగా ఒకే ఆదివారం, ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే అద్దంలో ఒకరినొకరు వెక్కిరించుకుంటూ చేయించుకున్నారు. ఇంకొకాయన మరీ ఉత్సాహపడి, ఓసారి గొడ్డళ్ళు కూడా పట్టుకున్నారనేసరికి ఆఫీసరమ్మ రాయడం ఆపి తలెత్తి చూసింది. ఆయన నీళ్ళు నమిలి కూర్చున్నాడు. మామూలు రోజైతే దుక్కిమామకు నవ్వొచ్చేది. ఎవరేం చెబుతున్నా ఆయన తూకం మిషను ముల్లు వంకే చూస్తూ ఉన్నాడు.

తర్వాత ఆయన వంతు. ఫారంలో ఉన్న ప్రశ్నలు ఆవిడ వరసగా చదివింది. చుట్టరికం ఉందా? లేదు. లావాదేవీలు ఉన్నాయా? లేవు. ఆ చేను ఎందుకు దున్నారు? ఈ జవాబు భార్య దగ్గర పదిసార్లు అప్పజెప్పి వచ్చాడు. యజమాని పోయాడు కదా, అడిగేవాళ్ళు లేరు కదా అని, నా పొలంలో కలుపుకుందామనుకున్నాను. తడబడకుండానే చెప్పాడు. ఆవిడ రాసుకుంది. తర్వాతి ప్రశ్న ఆయన అప్పజెప్పుకోలేదు.

"రాకపోకలు. మంచికీ చెడ్డకీ ఒకరింటికి ఒకరు వెళ్ళేవారా? ఆయన చనిపోయినప్పుడు మీరు వెళ్ళారా?"

గదిలో కుర్చీల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ రోజు పాడె వెనక నడిచినవాళ్ళు సగం మంది ఆ గదిలోనే ఉన్నారు. దుక్కిమామ నోరు తెరిచాడు. మెడ తనంతట తనే కుడివైపుకు, వెనక్కి తిరిగింది. వెనక బస్తాలు తప్ప ఏమీ లేవు. ఆఫీసరమ్మ తొందరపెట్టలేదు. కావాలనే చేతిరుమాలు వెతుక్కుంటూ కూర్చుంది. ఆవిడకు అంతా తెలుసని అప్పుడు ఆయనకు అర్థమైంది. తెలిసి కూడా అడగక తప్పదని కూడా అర్థమైంది.

"లేదమ్మా" అన్నాడు. "వెళ్ళలేదు. మాకు మాటల్లేవు."

ఆవిడ రాసుకుని, వదిన వైపు తిరిగింది. ఫిర్యాదుదారు కూడా అదే మాట ధ్రువీకరించాలి. వదిన చూపు ఆనని కళ్ళతో ఆయన ఉన్నవైపు చూసింది. ఆ నాలుగడుగుల దూరంలో మనిషి ఆకారమే ఆవిడకు కనపడుతుంది, మొహం కనపడదు. అదొక్కటే ఆ రోజు వాళ్ళకు కలిసొచ్చింది.

"నిజమే" అంది వదిన. "మా ఆయన పోయినప్పుడు ఈ మనిషి మా గడప తొక్కలేదు."

గొంతు వణకలేదు. ఆ మాట కోసం ఆవిడ ఇంట్లో ఎన్నిసార్లు ఏడ్చి వచ్చిందో గాని, అక్కడ మాత్రం వణకలేదు. అబద్ధమని దుక్కిమామకు తెలుసు, తనే కాళ్ళు పట్టుకోబోయి చెప్పించుకున్న మాటని తెలుసు. అయినా వదిన నోటి నుంచి వినేసరికి, నిజంగానే వెళ్ళలేదేమో, అన్నను ఎవరో పరాయివాళ్ళు మోసుకుపోయారేమో అనిపించింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆఫీసరమ్మ రాసినదంతా నిబంధన ప్రకారం పైకి చదివింది. ఫలానా నంబరు చేను యజమాని, కీర్తిశేషుడు. జొరబడిన వ్యక్తి ఫలానా. వీరిరువురి మధ్య ఏ కాలంలోనూ బంధుత్వం గాని, స్నేహం గాని, రాకపోకలు గాని లేవని విచారణలో తేలినది. అందువల్ల చేను యజమాని కుటుంబానికి చెల్లింపులు యథాప్రకారం కొనసాగునవి. అది విని వెనక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. చేను నిలబడింది. వదిన ఇల్లు నిలబడింది.

సంతకానికి కాగితం ముందుకు జరిపారు. దుక్కిమామ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. పైన అన్న పేరు, కింద తన పేరు. వాళ్ళిద్దరి పేర్లూ ఒక కాగితం మీద కలిసి పడటం అదే మొదలు. ఇద్దరూ కలిసి ఎన్నడూ ఫోటో దిగలేదు. ఒకే వీధిలో ఉన్నవాళ్ళకు ఉత్తరాల అవసరం రాలేదు. ఎరిగినవాళ్ళంతా పోయాక, ఎప్పుడైనా ఎవరైనా వీళ్ళ గురించి వెతికితే దొరికేది ఇదొక్కటే. అందులో వీళ్ళు ఒకరికొకరు ఏమీ కారని ఉంది.

ఆయన సంతకం పెట్టాడు. బల్లకు అవతలి పక్క వదిన సంతకం కోసం చెయ్యి చాపి ఉంది. ఆవిడకు ఏది ఎక్కడుందో కనపడదు గనక, ఎప్పుడైనా ఆయనే అందిచ్చేవాడు. కలం ఆ చేతికి ఇవ్వబోయి ఆగాడు. మాటల్లేనివాళ్ళు కలాలు అందించుకోరు. బల్ల మీద పెట్టాడు. వదిన బల్లంతా తడుముకుని, దాన్ని వెతికి తీసుకుంది.